పదిహేడు డిగ్రీల తూర్పు

ఎనిమిదేళ్ళుగా ఒక అంకెను మోస్తున్నాను. పదిహేడు. చూడ్డానికి ఏ పాపమూ ఎరగనట్టు ఉంటుంది. ఆ అంకె తప్పు. మొదట తెలియక చెప్పాను. తెలిశాక దాచాను. మొదటిదాన్ని పొరపాటు అనుకోవచ్చు. రెండోదానికి ఏ పేరు పెట్టాలో ఇన్నేళ్ళుగా వెతుక్కుంటున్నాను, అసలు పేరు తెలిసి కూడా. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీకు రాయగలుగుతున్నాను.

కెనడాలోని హాలిఫాక్స్ నుంచి సముద్రం ఒడ్డునే గంటకు పైగా డ్రైవ్ చేస్తే ఒక చిన్న ఊరు వస్తుంది. ఆ ఊరికి ఒక చెక్క చర్చి ఉంది. సెయింట్ లూక్ పేరు మీద కట్టింది. దాన్ని కట్టించిన పాస్టరు ఇంగ్లండులో ఒక పల్లెటూరివాడు. వాళ్ళ ఊరి చర్చి ఏడెనిమిది వందల ఏళ్ళనాటిది, రాతిది. ఇక్కడ రాయి చెక్కేవాళ్ళు లేరు, పడవలు కట్టే వడ్రంగులు ఉన్నారు. ఆయన తన ఊరి చర్చిని జ్ఞాపకం మీద గీసి ఇస్తే, వాళ్ళు దాన్ని చెక్కలో కట్టారు. రాతి గోడలు బయటికి ఒరగకుండా పాతకాలంలో పక్కన ఆనుడు దిమ్మెలు కట్టేవారు. చెక్క గోడలకు వాటి అవసరం లేదు. అయినా ఆయన బొమ్మలో ఉన్నాయని వీళ్ళు చెక్కతో దిమ్మెలు చేసి తగిలించారు. అవి దేన్నీ మోయవు. రాతి గోడ మూడడుగుల మందం ఉండేదని కిటికీల చుట్టూ పెట్టెలు కట్టి, లోపల్నుంచి చూస్తే గోడ అంత మందం ఉన్నట్టు భ్రమ కల్పించారు. కప్పు మాత్రం వాళ్ళకు వచ్చినట్టే కట్టారు. తలెత్తి చూస్తే తిరగేసిన పడవ.

ఇదంతా నాకు చెప్పింది కరుణమ్మ గారు. మేమంతా ఆంటీ అంటాం. గుంటూరు మనిషి. నర్సుగా హాలిఫాక్స్ వచ్చి, ఉద్యోగం చేసి, రిటైరయ్యాక భర్తతో కలిసి ఆ ఊళ్ళో చిన్న ఇల్లు కొనుక్కున్నారు. భర్త పోయాక కూడా అక్కడే ఉండిపోయారు. ఆ చర్చి పెద్ద ఒకాయన, ముసలాయన, తాను చనిపోయే ముందు చర్చి చరిత్ర మొత్తం ఆమెకు అప్పగించి వెళ్ళాడు. వేసవిలో చూడ్డానికి వచ్చేవాళ్ళకు ఆమె గుమ్మం దగ్గర నిలబడి చెప్పేవారు. నెలకోసారి మధ్యాహ్నం అక్కడ తెలుగు ఆరాధన పెట్టించింది కూడా ఆమే. హాస్పిటల్లో పనిచేసేవాళ్ళు, కాలేజీ పిల్లలు కార్లలో సర్దుకుని వస్తారు. నేనూ, మా ఆవిడ సుశీలా అలాగే మొదలుపెట్టాం.

ఆమె చెప్పే చరిత్రలో అందరికీ నచ్చే భాగం ఒకటి ఉండేది. ఇంగ్లండులో పాత చర్చికి పునాది గీత ఎలా వేశారని ఆ ఊళ్ళో చెప్పుకునేవారో, ఇక్కడా అలాగే వేశారట. పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజున, తెల్లవారకముందే పాస్టరూ వడ్రంగులూ వచ్చి నిలబడ్డారట. సూర్యుడి అంచు కనబడగానే దానికి ఎదురుగా రెండు గుంజలు పాతి, తాడు లాగారట. ఆ తాడే చర్చి నడుమ గీత. అందుకే బలిపీఠం సరిగ్గా తూర్పున ఉందని ఆమె చెప్పేవారు. చెబుతూ రెండు చేతులూ చాచి ఆ తాడు లాగినట్టు చూపించేవారు.

ఇక నా సంగతి. నేను చదివింది ఇంటర్. మా ఊళ్ళో ఒక మేస్త్రి దగ్గర పనిచేస్తూ కొలతలు నేర్చుకున్నాను. మిగతా లెక్కలు పుస్తకాలు కొనుక్కుని, వీడియోలు చూసి, నాకు నేనే నేర్చుకున్నాను. ఇక్కడ బిల్డింగ్ మెటీరియల్ షాపులో ఎస్టిమేట్ కౌంటర్లో ఉంటాను. కప్పు కొలతలు చెబితే ఎన్ని పలకలు కావాలో కాగితం ముట్టకుండా చెప్తాను. మేం క్రైస్తవులమే అయినా మా నాన్న ఇల్లు కట్టేటప్పుడు వాస్తు చూపించాడు. ఆ విద్య కూడా నాకు మేస్త్రి దగ్గరే అబ్బింది. హాలిఫాక్స్‌లో ఇల్లు కొనే తెలుగువాళ్ళకు అది పనికొచ్చింది. “అంకుల్, లిస్టింగులో ఈస్ట్ ఫేసింగ్ అని ఉంది, ఒకసారి వచ్చి చెక్ చేస్తారా?” అని ఫోన్లు. నా ఇత్తడి దిక్సూచి తీసుకుని వెళ్ళేవాణ్ణి. లెక్కల అంకుల్ అనేవారు. ఆ పేరు నాకు ఎంత ఇష్టమో అప్పుడు ఒప్పుకునేవాణ్ణి కాదు. డిగ్రీ లేనివాడికి అది డిగ్రీ.

ఒక వేసవి ఆదివారం చర్చి ముందు జనం బాగా ఉన్నారు. ఊళ్ళోవాళ్ళు, చూడ్డానికి వచ్చినవాళ్ళు, మన పిల్లలు. ఆంటీ తాడు లాగిన సంగతి చెబుతుంటే జేబులోంచి దిక్సూచి తీసి చర్చి నడుమ గీతకు పెట్టాను. ఎందుకు పెట్టాను? చేతి అలవాటు అనొచ్చు. కానీ ముల్లు పక్కకు నిలబడటం చూడగానే నాలో లేచినది అలవాటు కాదు, సంతోషం. చర్చి తూర్పుకు లేదు. దక్షిణానికి పదిహేడు డిగ్రీలు తిరిగి ఉంది. ఆమె ముగించేదాకా కూడా ఆగలేదు. “సారీ ఆంటీ, ఒక్క కరెక్షన్” అని ఇంగ్లీషులో, అందరికీ వినబడేలా చెప్పాను. దిక్సూచిని చేతులు మార్చి చూపించాను. ఎవరో ఫోన్లో కంపాస్ తెరిచారు. దానిలోనూ పదిహేడే వచ్చింది. అందరూ నావైపు తిరిగారు. ఆమె ఇంకా చేతులు చాచే ఉన్నారు.

జనం వెళ్ళాక వసారాలో ఆమె నన్ను పిలిచారు. ఇద్దరు ముగ్గురు పిల్లలు పక్కనే ఉన్నారు.

“అబ్బాయ్, ఆ కంపాసు ఒకసారి ఇట్టా ఇవ్వు.”

ఇచ్చాను. కళ్ళజోడు పైకి నెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

“ఇది ఎక్కడ కొన్నావు?”

“తెనాలిలో ఆంటీ.”

“అక్కడ బాగానే చూపిస్తదా?”

“ఎక్కడైనా ఒకటే ఆంటీ. ఉత్తరం ఉత్తరమే. మీ గుంటూరు ఉత్తరం వేరు, కెనడా ఉత్తరం వేరు అంటారా?”

పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను.

“నేను నర్సుని, నాకు బీపీ అంకెలు తప్ప తెలీవు,” అన్నారు. “కానీ నాకీ సంగతి చెప్పిన పెద్దాయన అబద్ధాలాడే మనిషి కాదు.”

“అబద్ధం అనట్లేదు ఆంటీ. పాతవాళ్ళు కథలు చెప్పుకుంటారు కదా.”

“అంటే ఇన్నేళ్ళూ వచ్చినోళ్ళందరికీ కథలు చెప్పానన్నమాట.”

“నేను అలా అనలేదు.”

“అనకపోయినా వినపడింది.” దిక్సూచి నా చేతిలో పెట్టారు. “వచ్చే వారం నించి నువ్వే చెప్పు. అంకెలున్నోడివి.”

కోపంగా అనలేదు. అలసిపోయినట్టు అన్నారు. ఆ తరువాత ఆమె మళ్ళీ ఎప్పుడూ ఆ గుమ్మం దగ్గర నిలబడి చెప్పలేదు. ఉదయం జరిగే ఇంగ్లీషు ఆరాధనకు రావడం మానేశారు. తెలుగు ఆరాధనకు వచ్చి వెనక బల్ల మీద కూర్చునేవారు.

నేను ఆగాల్సింది. ఆగలేదు. ఆమె చెప్పేదాన్ని తీసేశాను గదా, ఆ ఖాళీలో పెట్టడానికి ఇంకోటి కావాలి. పాతకాలంలో కొన్ని చర్చిలను ఆ చర్చి సెయింట్ పండుగనాటి సూర్యోదయానికి ఎదురుగా కట్టేవారని ఎక్కడో చదివాను. సెయింట్ లూక్ పండుగ అక్టోబరులో. ఆనాడు సూర్యుడు తూర్పుకు దక్షిణంగా ఉదయిస్తాడు. లెక్క వేశాను. పదిహేడుకు మూడు నాలుగు డిగ్రీలు తక్కువ వచ్చింది. ఎదురుగా కొండ ఉంటే సూర్యుడు కనబడటం ఆలస్యమవుతుంది, అప్పటికి మరికాస్త దక్షిణానికి జరుగుతాడు, లెక్క సరిపోతుంది. కానీ అక్కడ కొండ లేదు. నీళ్ళకు అవతల చెట్ల వరస ఉంది. ఆ చెట్లను కొండంత చేశాను. కొలవలేదు. నాకు కావలసినంత ఎత్తు రాసుకున్నాను. నా జీవితంలో లెక్కకు అబద్ధం నేర్పింది ఆ ఒక్కసారే, అనుకునేవాణ్ణి. అదీ నిజం కాదని మీకు ముందు ముందు తెలుస్తుంది.

కమిటీకి అది ఎంతో నచ్చింది. గుమ్మం పక్కన బోర్డు పెట్టారు. తూర్పుకు దక్షిణంగా పదిహేడు డిగ్రీలు, సెయింట్ లూక్ పండుగనాటి సూర్యోదయం వైపు. ఏటా అక్టోబరులో తెల్లవారుజామున ఆరాధన మొదలైంది. పొరుగూళ్ళ నుంచి కూడా వచ్చేవారు.

మరుసటి మార్చిలో ఒక తెలుగు పాపకు అక్కడ బాప్తిస్మం. హీటరు వెయ్యడానికి నేను పొద్దున్నే వెళ్ళి తాళం తీశాను. లోపల అడుగు పెట్టేసరికి సూర్యుడు వచ్చాడు. బలిపీఠం వెనక కిటికీలోంచి వెలుగు బయల్దేరి, బల్లల మధ్య నడక దారిలో ఎటూ తొణక్కుండా వచ్చి, గుమ్మంలో నిలబడ్డ నా బూట్ల మీద పడింది. తాడు లాగినట్టు. పగలూ రాత్రీ సమానమయ్యే రోజులు అవి. తేదీ చూసుకోవలసిన పని లేదు.

అయినా నమ్మలేదు. కళ్ళు మోసం చేస్తాయి, ముల్లు చెయ్యదు అనుకున్నాను. హీటరు స్విచ్ పక్క హాల్లో ఉంది. అక్కడ గోడకు చేపలవాళ్ళు వాడే సముద్రపు మ్యాపు ఉంది. ఎన్నోసార్లు చూశాను, ఎన్నడూ చదవలేదు. దాని మూల దిక్కుల చక్రాలు రెండున్నాయి, ఒకదానిలో ఒకటి. బయటిది నిజమైన ఉత్తరానికి. లోపలిది దిక్సూచి ముల్లు చూపే అయస్కాంతపు ఉత్తరానికి. లోపలిది పడమరకు తిరిగి ఉంది. ఎంత? పదిహేడు డిగ్రీలకు అటూ ఇటూగా.

తెనాలిలో ఆ తేడా దాదాపు ఉండదు. అందుకే మా మేస్త్రికి దాని గురించి తెలుసుకునే అవసరం రాలేదు, నాకు చెప్పనూ లేదు. ఇక్కడ, ఈ తీరంలో, ముల్లు అంత పక్కకు నిలబడుతుంది. ఆ రోజు ఫోన్లోని కంపాసూ అదే అయస్కాంతపు ఉత్తరాన్ని చూపింది. చర్చి కాదు తిరిగింది. గుంటూరు ఉత్తరం వేరు, కెనడా ఉత్తరం వేరు.

బాప్తిస్మం జరిగింది. పాటలు పాడాం. ఆంటీ వెనక బల్ల మీద ఉన్నారు. పది అడుగులు వేస్తే ఆమె దగ్గరికి చేరేవాణ్ణి. వెయ్యలేదు.

ఎందుకు? ఎన్ని జవాబులు చెప్పుకున్నానో. బోర్డు పెట్టేశారు కదా. జనం వస్తున్నారు కదా. ఆంటీ ఎలాగూ మానేశారు కదా. ఒక్కటి మాత్రం చెప్పుకోలేదు. ఇప్పుడు మీకు చెప్తున్నాను. ఆ వారం నుంచే నేను ఇళ్ళు చూసేటప్పుడు ముల్లు చూపినదాన్ని సరిదిద్దుకుని చెప్పడం మొదలుపెట్టాను. నా పేరు చెడకూడదు గనక. అంటే తప్పు నాకు బాగానే అర్థమైంది. నాకు లాభం ఉన్నచోట దిద్దుకున్నాను, ఆమెకు లాభం ఉన్నచోట వదిలేశాను. ఇంత తెలివిగా పనిచేసిన మనిషిని ఏమీ తెలియనివాడిగా నాకు నేను ఎలా చూపించుకోగలిగాను?

అక్టోబరు ఆరాధనలో వెలుగు నడక దారిలోకి ఎప్పుడూ రాలేదు. కిటికీలోంచి ఏటవాలుగా వచ్చి ఎడమ గోడ మీద పడేది. కిటికీ బయటి స్ప్రూస్ చెట్లు అడ్డమేమో అన్నారు ఎవరో. నేను అవునూ అనలేదు, కాదూ అనలేదు. రెండు చెట్లు కొట్టించారు. మంచి చెట్లు. అయినా వెలుగు ఎడమ గోడకే. అప్పుడు నోరు విప్పాను. ఆ పాత చర్చి కట్టిన కాలంలో క్యాలెండరు వేరు, ఈ చర్చి దాని నకలు గనక కొన్ని రోజులు తేడా వస్తుందని చెప్పాను. అందరూ తలలూపారు. ఒక ఏడు ఆంటీ కూడా వచ్చారు, శాలువా కప్పుకుని, ఫ్లాస్కులో టీ పోసుకుని. గోడ మీది వెలుగును చూశారు. నన్ను చూశారు. టీ తాగి వెళ్ళిపోయారు. ఆమెకు తెలుసా? ఆ చూపును ఎన్నిసార్లు తిప్పి తిప్పి కొలిచానో. కొలతకు అందలేదు.

ఇలాగే నడిచిపోయేదేమో. కానీ సముద్రం ఒడ్డును కోసుకుంటూ వస్తోంది. చర్చిని ఎత్తి, ఊరి వెనక మెరక మీద కొత్త పునాది పోసి, దాని మీదికి జరపాలని నిర్ణయించారు. చెక్క చర్చి గనక అది సాధ్యమే. మొన్న శీతాకాలం చివర్లో హాల్లో ప్లాను పరిచారు. నన్ను కూడా పిలిచారు, లెక్కల మనిషిని కదా. పునాది బొమ్మ ఎటో తిరిగినట్టు కనిపించింది. డిజైనరు కొత్త స్థలాన్ని నిజమైన ఉత్తరంతో కొలిచింది. చర్చి ఎటు తిరిగి ఉండాలన్నది మాత్రం బోర్డు చూసి రాసుకుంది. తూర్పుకు దక్షిణంగా పదిహేడు. “మీ అంకె,” అని కమిటీ అధ్యక్షుడు నా భుజం తట్టాడు.

ఇప్పటిదాకా నా అబద్ధం ఒక పలక మీద అక్షరాలే. వేసవి వస్తే అది కాంక్రీటు అవుతుంది. ఆ పడవ కప్పు, ఏమీ మోయని ఆ దిమ్మెలు, ఆ కిటికీ, అన్నీ నా గొప్ప కోసం పక్కకు తిరిగి నిలబడతాయి. ఆ పాస్టరు దూరదేశంలో కూర్చుని తన ఊరి చర్చిని జ్ఞాపకం మీద గీసి, చలిలో నిలబడి సూర్యుడి కోసం ఎదురు చూసి పట్టిన తూర్పు శాశ్వతంగా పోతుంది. మార్చి ఉదయాన ఆ దారిలో వెలుగు ఇక ఎన్నడూ నడవదు. ఆంటీ చెప్పింది అప్పుడు నిజంగానే కథ అయిపోతుంది.

ఇంటికి వస్తూ కార్లో సుశీలకు చెప్పాను. మొత్తం.

“కమిటీకి తర్వాత చెప్పొచ్చు,” అంది. “ముందు ఆంటీకి చెప్పండి.”

“ఫోన్ చెయ్యనా?”

“ఫోన్లో అన్నారా ఆ రోజు?”

మర్నాడు వెళ్ళాను. ఆంటీ వంటింట్లో బఠాణీలు ఒలుస్తున్నారు. కూర్చోమన్నారు. దిక్సూచి సంగతి, మ్యాపు సంగతి, మార్చి వెలుగు సంగతి, ఇళ్ళకు దిద్దుకుని చర్చికి దిద్దని సంగతి, లేని కొండ సంగతి, ఏదీ మిగల్చకుండా చెప్పాను. మధ్యలో ఆమె చేతులు ఆగాయి. ఏ మాట దగ్గర ఆగాయో నాకు గుర్తుంది. తెలిసి ఇన్నేళ్ళయింది అన్న దగ్గర.

ఏమంటారో అని ఎదురు చూశాను. తిట్టినా బాగుండేది.

“మీటింగు ఎప్పుడు?” అన్నారు.

“గురువారం.”

“అందరి ముందూ అన్నావుగా. అందరి ముందే చెప్పు. ఇంగ్లీషులో చెప్పు, నాకు చెప్పినట్టే, ఏదీ తగ్గించకుండా. నేనూ వస్తా.” మళ్ళీ బఠాణీలు అందుకున్నారు.

గురువారం చెప్పాను. నా ఇంగ్లీషు అంత గొప్పది కాదు. ఆ రోజు అది మేలే చేసింది, దాక్కోవడానికి పెద్ద మాటలు దొరకలేదు. నేను తప్పు కొలిచాను, కరుణమ్మ గారు చెప్పింది నిజం, నాకు ఆ సంగతి ఎనిమిదేళ్ళుగా తెలుసు. ఈ మూడూ చెప్పాను. చెట్లు కొట్టించినాయన కిటికీలోంచి బయటికి చూశాడు. డిజైనరు మాత్రం పెన్సిల్ తీసి ప్లాను మీద ఏదో గుర్తు పెట్టుకుంది. ముందు పాత చర్చి గోడలను సరిగ్గా కొలవాలి, మీరు సాయం పడతారా అని అధ్యక్షుడు నన్నే అడిగాడు. పాపం, మంచితనం కొద్దీ, అలవాటు కొద్దీ.

వెనక కుర్చీలోంచి ఆంటీ తెలుగులో, నాకు మాత్రమే అర్థమయ్యేలా అన్నారు. “ఈసారి కొలతకి నువ్వొద్దు అబ్బాయ్.”

నేను వద్దని, వేరే ఎవరినైనా పంపమని ఇంగ్లీషులో చెప్పాను. ఆమె సరేనన్నట్టు తలూపి, కోటు వేసుకుని వెళ్ళిపోయారు.

ఆమె నన్ను క్షమించారా? తెలియదు. అడగలేదు. అడిగితే ఇంకో పని ఆమె నెత్తిన పెట్టినట్టే. ఎనిమిది వేసవులు ఆమె ఆ గుమ్మం దగ్గర లేకుండా గడిచిపోయాయి, వాటిని ఏ లెక్కతోనూ వెనక్కి తేలేను. చర్చి వెలుపల బోర్డు తీసేశారు. చెక్క మీద మేకుల బెజ్జాలు కనబడుతున్నాయి. ఈ వేసవిలో మళ్ళీ చెప్తారా అని తెలుగు ఆరాధనలో ఎవరో అడిగితే “ముందు దాన్ని జరపనీండి, చూద్దాం” అన్నారట. నాతో అనలేదు. సుశీల చెప్పింది.

ప్లానులో చర్చి ఇప్పుడు తూర్పుకు ఉంది. ఆ గీత గీసింది నేను కాదు. దాన్ని చూసినప్పుడు ఏదో ఒకటి సరిచెయ్యాలని నా చెయ్యి జేబులోకి పోలేదు. నేను తప్పు చెప్పాను, తెలిసి దాచాను. ఈ మాట ఇప్పుడు తెలుగులో రాశాను, మొన్న ఇంగ్లీషులో చెప్పాను. ఇంకెవరైనా అడిగినా ఇదే చెప్తాను. అడగడానికి వాళ్ళకు హక్కుంది. చెప్పడానికి నాకిప్పుడు గొంతు ఉంది.